ఉదీలు ఆర్మేనియన్లు కాకపోయినా 1989లో వర్తాషెన్ ఎందుకు విడవాల్సి వచ్చింది?

మీరు జార్జియాలో మెడిసిన్ చదువుతున్నానని, సెలవుల్లో కఖేతి వైపు వెళ్ళినప్పుడు క్వారెలి దగ్గర జినోబియాని అనే ఊళ్ళో ఉదీలు అనే చిన్న జాతి వాళ్ళు ఉన్నారని తెలిసిందని రాశారు. వాళ్ళ మూలాలు అజర్‌బైజాన్‌లో ఉన్నాయి, క్రైస్తవులే గానీ ఆర్మేనియన్లు కారు, మరి 1989లో ఆర్మేనియన్లతో పాటు వీళ్ళెందుకు వర్తాషెన్ లాంటి సొంత ఊళ్ళు వదిలారు, ఇప్పుడు తిరిగి వెళ్ళే అవకాశం ఉందా అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్ళు భాషాశాస్త్రం పాఠాలు చెప్పాను. కాకసస్ భాషల మీద ఆసక్తి అప్పుడే మొదలైంది. ఉదీ భాషలో ఒక వింత ఉంది: పని చేసేది ఎవరో తెలిపే చిన్న ప్రత్యయం క్రియ చివర చేరకుండా ఒక్కోసారి క్రియాధాతువును రెండుగా చీల్చి మధ్యలో కూర్చుంటుంది. ప్రపంచ భాషల్లో ఇది చాలా అరుదు. భాష కోసం మొదలుపెట్టి, ఆ భాష మాట్లాడేవాళ్ళకు ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాక ఇక ఆపలేకపోయాను.

మీ ప్రశ్నకు సూటి జవాబు: వాళ్ళు వెళ్ళే చర్చి వల్ల, వాళ్ళ ఇంటిపేర్ల వల్ల. ఆ చర్చి, ఆ ఇంటిపేర్లు వాళ్ళకు ఎలా అంటుకున్నాయో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

క్రీస్తు శకం మొదటి శతాబ్దాల్లో ఇప్పటి అజర్‌బైజాన్ భూభాగంలో, ముఖ్యంగా కుర నదికి ఉత్తరాన, అల్బేనియా అనే రాజ్యం ఉండేది. యూరప్‌లో ఇప్పుడున్న అల్బేనియాకూ దీనికీ ఏ సంబంధం లేదు. అందుకే చరిత్రకారులు దీన్ని కాకసస్ అల్బేనియా అంటారు. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఇక్కడ 26 భాషలున్నాయని, ఒకప్పుడు ఒక్కో భాషకూ ఒక్కో రాజు ఉండేవాడని, తన కాలానికి అందరికీ ఒకే రాజు ఉన్నాడని రాశాడు. 4వ శతాబ్దంలో ఉర్నయర్ అనే రాజు క్రైస్తవం తీసుకున్నాడు. 5వ శతాబ్దం మొదట్లో ఈ రాజ్యంలోని ఒక భాషకు 52 అక్షరాల లిపి తయారైంది. ఆర్మేనియన్ లిపిని రూపొందించిన మెస్రోప్ మష్తోత్స్ అక్కడి బిషప్ అననియా, అనువాదకుడు బెన్యమీనుల సాయంతో దాన్ని చేశాడని పాత ఆర్మేనియన్ రచనలు చెబుతాయి.

ఆ భాషకు నేరుగా వారసులుగా మిగిలింది ఉదీ మాట్లాడేవాళ్ళు మాత్రమే. మిగతా అల్బేనియా ప్రజలు కాలక్రమంలో కొందరు ఆర్మేనియన్లలో కలిశారు, కొందరు జార్జియన్లలో కలిశారు, ఎక్కువమంది ఇస్లాం తీసుకుని నెమ్మదిగా అక్కడి తుర్కిక్ భాషలోకి మారారు. ఉదీల్లో కూడా ఊళ్ళకు ఊళ్ళు అలా మారిపోయాయి. చివరికి కాకసస్ పర్వతాల దక్షిణ పాదంలో రెండు పెద్ద ఊళ్ళు మిగిలాయి. ఒకటి ఇప్పటి గబాలా జిల్లాలోని నిజ్. రెండోది షెకికీ గబాలాకూ మధ్యనున్న వర్తాషెన్. దీన్నిప్పుడు ఒగుజ్ అంటున్నారు.

ఇక చర్చి సంగతి. ఈ విషయంలో ఆర్మేనియన్లు చెప్పేది ఒకటి, అజర్‌బైజాన్ రాజధాని బాకూలో చెప్పేది ఇంకొకటి. రెంటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ కొంత దాస్తాయి.

అల్బేనియా చర్చికి తన సొంత అధిపతి ఉండేవాడు. అయితే 506లో ఆర్మేనియాలోని ద్విన్‌లో జరిగిన చర్చి పెద్దల సభలో ఆర్మేనియన్, జార్జియన్ చర్చిలతో కలిసి నడిచింది. 8వ శతాబ్దం మొదట్లో అల్బేనియా చర్చి అధిపతి నెర్సెస్ బకూర్ బైజాంటియం సిద్ధాంతం వైపు మొగ్గితే, ఆర్మేనియన్ చర్చి అధిపతి ఎలియా అరబ్ ఖలీఫా సాయంతో అతన్ని దించేశాడు. అప్పటినుంచి అల్బేనియా చర్చి పేరుకు వేరుగా ఉన్నా ఆర్మేనియన్ చర్చి నీడలోనే నడిచింది. పూజ భాష కూడా ఆర్మేనియనే అయింది. కాబట్టి ఆర్మేనియన్ చర్చితో ఉదీల సంబంధం రష్యన్లు వచ్చాకే పుట్టిందన్న బాకూ మాట నిజం కాదు.

కానీ కరబఖ్‌లోని గంజసార్ మఠం పీఠంగా అల్బేనియా చర్చి అధిపతి పదవి 19వ శతాబ్దం దాకా కొనసాగింది. 1813లో గులిస్తాన్ ఒప్పందంతో ఈ ప్రాంతం పర్షియా చేతినుంచి రష్యా చేతిలోకి వచ్చింది. జార్ ప్రభుత్వం 1815లో ఆ పదవి హోదా తగ్గించింది. 1836లో ఆర్మేనియన్ చర్చి పాలన కోసం తెచ్చిన చట్టంతో ఆ పీఠాన్ని పూర్తిగా ఆర్మేనియన్ చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్ కింద కలిపేసింది. పీటర్స్‌బర్గ్‌లో కూర్చున్న అధికారులకు ఇది దస్త్రాలు సర్దుకోవడం లాంటి పని. తూర్పు క్రైస్తవులను కొన్ని గుంపులుగా పెట్టుకుంటే లెక్కలకు, పన్నులకు, నిఘాకు సులువు.

దాంతో ఉదీలు రెండు పాయలయ్యారు. వర్తాషెన్‌లో కొందరు ఆర్థొడాక్స్ వాళ్ళు, జార్జియా వైపున్న చర్చి వ్యవస్థ కింద ఉండేవాళ్ళు. మిగతా వర్తాషెన్ వాళ్ళు, నిజ్ వాళ్ళు ఆర్మేనియన్ చర్చి కిందకు వచ్చారు. చర్చి అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే అనుకోకండి. పుట్టుక, పెళ్ళి, చావు రాసుకునేది అక్కడ. బడి నడిచేది దాని చేతుల మీద. పాదిరి రాసే రిజిస్టర్‌లో పేరు ఆర్మేనియన్ పద్ధతిలో చివర 'యాన్' చేరి ఎక్కేది. ఇంట్లో ఉదీ మాట్లాడే కుటుంబానికి కాగితం మీద ఆర్మేనియన్ ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు చూసి ఊరో కులమో ఊహించేస్తారు కదా, కాకసస్‌లో ఇంటిపేరు చివర చూసి జాతి ఊహిస్తారు. యాన్ అంటే ఆర్మేనియన్, శ్విలి, ద్జే అంటే జార్జియన్, ఒవ్, లీ, జాదే అంటే చాలాసార్లు అజర్‌బైజానీ. ఉదీలకంటూ విడిగా ఏ గుర్తూ లేదు. ఒక్క ఉదాహరణ చాలు. 1974లో బాకూలో ఉదీ-అజర్‌బైజానీ-రష్యన్ నిఘంటువు అచ్చయింది. దాన్ని కూర్చిన ఉదీ పండితుడి పేరు వొరోషిల్ గుకాస్యాన్. ఆ భాషకు అంత సేవ చేసిన మనిషిని ముక్కూ మొహం తెలియనివాళ్ళు పేరు చూసి ఆర్మేనియన్ అనే అనుకుంటారు.

ఈ పేర్ల ప్రమాదం మొదట 1918-20ల్లో బయటపడింది. రష్యన్ సామ్రాజ్యం కూలిపోయి, ఒట్టోమన్ సైన్యం కాకసస్‌లోకి వచ్చి, ఆర్మేనియన్లకూ ముస్లింలకూ మధ్య ఊచకోతలు నడిచిన ఆ రోజుల్లో రెండు వర్గాల్లోనూ జనం వేలల్లో చచ్చిపోయారు. వర్తాషెన్ చుట్టుపక్కల క్రైస్తవ ఊళ్ళకు భద్రత లేకుండా పోయింది. మీరు విన్న జినోబియాని పుట్టింది ఈ భయం వల్లే. వర్తాషెన్ ఆర్థొడాక్స్ ఉదీల్లో కొన్ని కుటుంబాలు జినోబి సిలికాశ్విలి అనే పెద్దమనిషి వెంట జార్జియా వెళ్ళి, 1922లో కఖేతిలో ఊరు కట్టుకున్నాయి. ఊరికి ఆయన పేరే పెట్టారు. సోవియట్ కాలంలో దాన్ని ఒక్తొంబెరి అని మార్చారు, తర్వాత మళ్ళీ పాత పేరు వచ్చింది. ఆయన ఇంటిపేరు చివర శ్విలి చూశారా? ఆర్థొడాక్స్ ఉదీలకు జార్జియన్ ఇంటిపేర్లు, మిగతావాళ్ళకు ఆర్మేనియన్ ఇంటిపేర్లు. ఇల్లు పక్కపక్కనే ఉన్నా, భాష ఒకటే అయినా సరే.

సోవియట్ రోజులు కొంతవరకు ఊపిరి ఇచ్చాయి. పాస్‌పోర్ట్‌లో జాతి అనే గడిలో 'ఉదీ' అని రాయించుకునే వీలుండేది. 1934లో సుఖుమిలో ఉదీ పిల్లల కోసం వాచకం అచ్చయింది. కానీ ఆ చదువు ఎక్కువ కాలం సాగలేదు. 1930ల్లోనే చర్చిలు మూతపడ్డాయి. తర్వాత రెండు తరాల ఉదీలు గురువు లేకుండానే, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన ప్రార్థనలతో, పుణ్యస్థలాల యాత్రలతో మతాన్ని నిలుపుకున్నారు. నిజ్ చుట్టూ హేజెల్‌నట్, అక్రోటు తోటలు. వాటి మీదే ఊరి బతుకు. 1989 జనగణన నాటికి సోవియట్ యూనియన్ మొత్తంలో 8,652 మంది ఉదీలున్నారు, అందులో 6,125 మంది అజర్‌బైజాన్‌లోనే.

సరిగ్గా అప్పుడే కరబఖ్ గొడవ ముదిరింది. అజర్‌బైజాన్‌లో ఉన్నా ఎక్కువమంది ఆర్మేనియన్లే ఉండే ఆ ప్రాంతం ఎవరిదన్నదే ఆ గొడవ. 1988 ఫిబ్రవరిలో సుమ్‌గయీత్‌లో ఆర్మేనియన్ల మీద దాడులు జరిగాయి. ఆ ఏడాది నవంబర్‌లో కిరొవాబాద్‌లో (ఇప్పటి గంజా) మళ్ళీ. అదే కాలంలో ఆర్మేనియానుంచి అజర్‌బైజానీలను వెళ్ళగొట్టారు. సుమారు రెండు లక్షల మంది ఇళ్ళూ పొలాలూ వదిలి అజర్‌బైజాన్ వచ్చారు. ఇటునుంచి మూడు లక్షలకు పైగా ఆర్మేనియన్లు వెళ్ళిపోయారు. కొన్నిచోట్ల ఇటు వాళ్ళు, అటు వాళ్ళు ఇళ్ళు మార్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

వర్తాషెన్ మిశ్రమ పట్టణం. ఉదీలు, ఆర్మేనియన్లు, అజర్‌బైజానీలు, యూదులు కలిసి ఉన్న ఊరు. ఆర్మేనియన్లు వెళ్ళిపోయే టెన్షన్ మొదలైనప్పుడు యాన్ ఇంటిపేరున్న, ఆర్మేనియన్ చర్చికి చెందిన ఉదీలు అదే గాటన కట్టబడ్డారు. పాస్‌పోర్ట్‌లో ఉదీ అని ఉంటే ఏం లాభం? బెదిరించడానికి వచ్చినవాళ్ళు పాస్‌పోర్ట్ అడగరు. ఆర్మేనియన్లతో పెళ్ళి సంబంధాలున్న ఇళ్ళు కూడా ఎక్కువే. భార్య వెళ్ళిపోవాల్సి వస్తే భర్త ఒక్కడూ ఏం చేస్తాడు? అలా 1989లో వర్తాషెన్ ఉదీల్లో అత్యధికులు ఊరు వదిలారు. 1991లో ఊరి పేరు ఒగుజ్‌గా మారింది. అక్కడిప్పుడు మిగిలినవి కొద్ది ఉదీ కుటుంబాలే.

నిజ్ ఎందుకు నిలిచిందని కూడా అడగాలి. నిజ్ వాళ్ళదీ ఆర్మేనియన్ చర్చే, వాళ్ళ ఇంటిపేర్లలోనూ యాన్ ఉండేది. తేడా ఏమిటంటే, నిజ్‌లో ఉదీలు వేలమంది ఒక్కచోట ఉన్నారు. ఆర్మేనియన్ పొరుగు పెద్దగా లేదు. చుట్టుపక్కల అజర్‌బైజానీ ఊళ్ళకు వీళ్ళెవరో తరాలుగా తెలుసు. నా అంచనాలో ఆ పరిచయమే వాళ్ళను కాపాడింది. అయినా వదిలిపెట్టినవాళ్ళు అక్కడా ఉన్నారు. ఉన్నవాళ్ళు చాలామంది ఇంటిపేరు చివర మార్చుకున్నారు. 1990ల్లో యుద్ధం, నిరుద్యోగం కలిసి నిజ్ కుర్రవాళ్ళను రష్యాకు పంపాయి. 1999లో అజర్‌బైజాన్ ఉదీలు 4,152 మంది, 2009 నాటికి సుమారు 3,800. మరోవైపు రష్యాలో 2002లో 3,721 మంది, 2010లో 4,267 మంది. అంటే సొంత నేల మీద ఉన్నవాళ్ళకంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువయ్యారు.

వర్తాషెన్ వదిలినవాళ్ళు ఎక్కువగా దక్షిణ రష్యాకు వెళ్ళారు: రోస్తోవ్, క్రస్నొదార్, వొల్గొగ్రాద్, స్తావ్రొపొల్ ప్రాంతాలకు. కొందరు ఆర్మేనియా ఉత్తరాన దెబెతవాన్, బగ్రతాషెన్ ఊళ్ళలో స్థిరపడ్డారు. జార్జియాలో మొత్తం సుమారు 200 మంది. వెళ్ళేటప్పుడు వీళ్ళు దాటింది ఒకే దేశంలోని రిపబ్లిక్ సరిహద్దు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ దేశమే లేకుండా పోయింది. సరిహద్దులు నిజం సరిహద్దులయ్యాయి, పౌరసత్వం, కాగితాలు కొత్తగా సంపాదించుకోవాల్సి వచ్చింది. ఆర్మేనియాలో దిగినవాళ్ళకు ఇంకో ఇబ్బంది, అక్కడ వాళ్ళు ఆర్మేనియన్లు కారు. ఇక్కడ ఆర్మేనియన్ అన్నారని పారిపోయి, అక్కడ కాదనిపించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఊరు చెదిరితే భాషకు ఏమవుతుందో నేను ఆదిలాబాద్ గూడేల్లో కొలామీ మాట్లాడే పిల్లల దగ్గర దగ్గరగా చూశాను. పిల్లలు గుంపుగా ఆడుకునే చోట ఆ భాష ఉంటేనే అది బతుకుతుంది. రోస్తోవ్ అపార్ట్‌మెంట్‌లో ఒక ఉదీ కుటుంబం ఉంటే పిల్లవాడు వీధిలో రష్యన్ మాట్లాడతాడు, అమ్మమ్మతో మాత్రం ఉదీ. అతని పిల్లలకు అదీ ఉండదు. ఉదీలో రెండు ముఖ్యమైన మాండలికాలున్నాయి, నిజ్‌ది, వర్తాషెన్‌ది. వర్తాషెన్ ఖాళీ అయ్యాక ఆ మాండలికం ఒక ఊరి భాషగా మిగిలిన చోటు మీ జినోబియానియే. నిజ్‌లో పరిస్థితి కొంత నయం. 1990లనుంచి చిన్న తరగతుల్లో ఉదీ చెబుతున్నారు. రచయిత గియోర్గి కెచారి లాంటివాళ్ళు లాటిన్ అక్షరాలతో పాఠ్యపుస్తకాలు రాశారు.

ఈ భాష పోతే ఎంత పోతుందో చెప్పడానికి ఒక సంగతి చాలు. అల్బేనియా లిపి శతాబ్దాలపాటు పూర్తిగా మరుగున పడింది. 1937లో జార్జియన్ పండితుడు ఇలియా అబులాద్జే ఒక ఆర్మేనియన్ రాతప్రతిలో ఆ అక్షరాల పట్టిక చూశాడు. 1940ల చివర మింగచెవిర్‌లో జలాశయం పనులప్పుడు కొన్ని శాసనాలు దొరికాయి. కానీ చదవడానికి సరిపడా పాఠం లేదు. 1975లో సినాయ్ కొండ కింద సెయింట్ కేథరిన్ మఠంలో అగ్నిప్రమాదం జరిగాక, మరుగున పడ్డ గదిలో రాతప్రతుల గుట్ట బయటపడింది. వాటిలో జార్జియన్ రాత కింద చెరిపేసిన వేరే రాత ఉన్న తోలు పత్రాలను 1990ల్లో జాజా అలెక్సిద్జే గుర్తుపట్టాడు. అది అల్బేనియా లిపి. యోహాను సువార్త, చర్చిలో చదివే బైబిలు భాగాలు అందులో ఉన్నాయి. 2008లో ఆయన, యోస్ట్ గిప్పెర్ట్, వోల్ఫ్‌గాంగ్ షూల్జె, జాఁ-పియెర్ మాయె కలిసి పూర్తి పాఠం అచ్చువేశారు. అది చదవడానికి వాళ్ళకు ప్రధాన ఆధారం నేటి ఉదీ భాష. వర్తాషెన్, నిజ్ ఇళ్ళలో పిల్లలతో మాట్లాడే భాష బతికి ఉంది కాబట్టే దాదాపు పదిహేను వందల ఏళ్ళ నాటి భాష మళ్ళీ అర్థమైంది.

ఇక ఈ రోజు రాజకీయం. దీన్ని చెప్పకపోతే మీకు అక్కడ వినబడే మాటలు సగమే అర్థమవుతాయి. 1960ల్లో బాకూ చరిత్రకారుడు జియా బునియాదోవ్ మొదలుపెట్టిన వాదన ప్రకారం కరబఖ్‌లోని పాత చర్చిలు అసలు అల్బేనియావి, వాటిని తర్వాత ఆర్మేనియన్ చేశారు. ఆ వాదన ఇప్పుడు అక్కడి ప్రభుత్వ విధానం. అల్బేనియా వారసులు ఉదీలే కాబట్టి వాళ్ళకు ప్రాధాన్యం వచ్చింది. 2003లో అల్బేనియా-ఉదీ క్రైస్తవ సంఘాన్ని ప్రభుత్వం నమోదు చేసింది. నిజ్‌లో చోతారి చర్చిని నార్వే సంస్థ సాయంతో బాగుచేసి 2006లో తెరిచారు. మధ్యలో ఆ చర్చి గోడల మీదున్న ఆర్మేనియన్ శాసనాలను గీకేశారు. నార్వే రాయబారి స్టైనర్ గిల్ బహిరంగంగా నిరసన తెలిపారు. కరబఖ్ కోసం 2020లో జరిగిన యుద్ధం తర్వాత కల్బజర్‌లోని దదివాంక్ మఠానికి ఉదీలను తీసుకెళ్ళి ప్రార్థనలు చేయించారు. 2022 ఫిబ్రవరిలో అప్పటి సాంస్కృతిక మంత్రి అనార్ కరీమోవ్ అల్బేనియా గుడులపై ఆర్మేనియన్లు పెట్టిన 'కల్పిత ఆనవాళ్ళు' తీసేస్తామని ప్రకటిస్తే అంతర్జాతీయంగా పెద్ద గొడవైంది.

నా అభిప్రాయం దాచను. మూతపడ్డ చర్చి తెరుచుకోవడం, పిల్లలకు సొంత భాషలో వాచకం దొరకడం ఉదీలకు నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ చర్చి గోడ మీది ఆర్మేనియన్ రాత కూడా ఉదీల చరిత్రే. వాళ్ళ ముత్తాతలు ఆ రాత కిందే జ్ఞానస్నానం తీసుకున్నారు. దాన్ని గీకేయడం, ఆ ముత్తాతల బతుకును సగం చెరిపేయడమే. అలాగే ఉదీలనేవాళ్ళు ప్రత్యేకంగా లేరు, కొంచెం వేరే యాసున్న ఆర్మేనియన్లే అని కొందరు ఆర్మేనియన్ రచయితలు తేల్చేయడం కూడా అంతే అన్యాయం. దేశంలో నాలుగు వేల మంది కూడా లేని జాతికి ప్రభుత్వం చెప్పమన్నది కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. వాళ్ళు బహిరంగంగా చెప్పే మాటలను బట్టి వాళ్ళను తీర్పు తీర్చడం నాకు ఇష్టం ఉండదు.

తిరిగి వెళ్ళగలరా అన్నదానికి వస్తాను. నిజ్ నుంచి రష్యా వెళ్ళి, ఇంటిపేరు మార్చుకున్న కుటుంబాలు వేసవిలో వచ్చి పోతుంటాయి, వాళ్ళకు పెద్ద అడ్డంకి లేదు. వర్తాషెన్ వాళ్ళ సంగతి వేరు. అజర్‌బైజాన్ ఆర్మేనియన్ మూలాలున్నవాళ్ళను, వాళ్ళది ఏ దేశపు పాస్‌పోర్ట్ అయినా సరే, సరిహద్దు దగ్గరే వెనక్కి పంపడం మామూలు. ఇంటిపేరు చివర యాన్ ఉంటే, నేను ఉదీనని ఎంత చెప్పినా విమానాశ్రయంలో వినేవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేదు. వెళ్ళాలంటే పేరు మార్చుకోవాలి. తల్లో భార్యో ఆర్మేనియన్ అయితే అదీ చాలదు. పైగా వర్తాషెన్ ఇళ్ళలో ఇప్పుడు వేరేవాళ్ళు ముప్ఫై ఏళ్ళకు పైగా ఉంటున్నారు. అందులో ఆర్మేనియానుంచి తరిమితే వచ్చినవాళ్ళు కూడా ఉండి ఉంటారు. నష్టపరిహారం, ఆస్తి హక్కుల చర్చ రెండు దేశాల మధ్య జరిగితే తప్ప ఇది కదలదు. ఆ చర్చలోనైనా ఉదీల పేరు విడిగా ఎత్తేవాళ్ళు కావాలి, లేకపోతే మళ్ళీ ఏదో ఒక పెద్ద జాతి లెక్కలో కలిపేస్తారు.

మీరు జినోబియాని వెళ్తే ఒక మాట. తెలిసిన జార్జియన్ స్నేహితులెవరినైనా వెంట తీసుకెళ్ళండి, అక్కడ వాడుక భాష జార్జియన్, పెద్దవాళ్ళకు రష్యన్ కూడా వస్తుంది. మీరు నిజానికి ఎవరు అని అడగొద్దు, ఆ ప్రశ్న వాళ్ళు వందేళ్ళుగా వింటున్నారు. వర్తాషెన్‌లో మీ ఇల్లు ఎక్కడుండేదని పెద్దలు చెప్పేవారు అని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే, ఉదీలో చెప్పిన మాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఒక కాపీ ఆ ఊరి బడికి ఇవ్వండి. వర్తాషెన్ మాండలికం రికార్డులు ఎన్ని ఉంటే అంత మంచిది.